బెంగళూరు కచేరీలో కౌండిన్య తాళం తప్పాడా?

తండ్రి నేర్పిన మృదంగాన్ని మూలన పడేసి, హోటళ్ళలో డ్రమ్స్ వాయించడానికి పోయి చెడ్డాడని ఏలూరు పవర్‌పేటలో కొందరన్నారు. బెంగళూరులో వేదిక ఎక్కే ముందు మద్యం తాగాడని, అందుకే చెయ్యి అదుపు తప్పిందని మరికొందరు చెప్పుకున్నారు. ఈ మాట చెప్పినవారిలో ఆ రోజు బెంగళూరులో ఉన్నవారు ఒక్కరూ లేరు. అతని క్షేమం కోరేవారే, మణికట్టులో నరం దెబ్బతిన్నదని, విజయవాడలో ఆపరేషన్ కూడా అయిందని ప్రచారం చేశారు. ఆపరేషన్ కాలేదు, నరం బాగానే ఉంది. అతని జాజ్ బృందంలో మిగిలిన ఇద్దరూ క్రైస్తవులు గనుక కావాలనే అతన్ని బయటికి నెట్టారని ఒక పక్క వాదన. తండ్రే ఛాందసంతో కొడుకును వెనక్కి లాగాడని ఇంకో పక్క వాదన. రెండూ ఒకే రకం ఊహలోంచి పుట్టినవి, రెంటికీ ఆధారం లేదు.

ఇక ఫోన్లలో తిరిగిన వీడియో ముక్క. అందులో డ్రమ్స్ ఒక్కసారిగా దారి మారతాయి. పియానో తడబడి ఆగిపోతుంది. ఆ వెంటనే డ్రమ్సూ ఆగుతాయి. బేస్ వాయిద్యం ఒంటరిగా కొంత దూరం నడిచి తనూ ఆగుతుంది. చూసిన ప్రతివారూ కౌండిన్య తాళం తప్పాడని తీర్పు చెప్పారు. పొరపాటు జరిగిందనడానికి ఆ వీడియో సాక్ష్యమే. ఎవరి వల్ల జరిగిందన్నదానికి మాత్రం కాదు, ఎందుకంటే అది మొదలయ్యేదే పొరపాటు జరిగిపోయాక.

అందుచేత నేను స్వయంగా చూసినదీ, సంబంధించిన నలుగురి నోట విన్నదీ మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

కౌండిన్య తండ్రి కామేశంగారు ఏలూరులో తరతరాల పౌరోహిత్యం వదలి మృదంగం పట్టిన మనిషి. ఆయన ఇంటి ముందు గదిలో చాపలు ఎప్పుడూ పరిచే ఉంటాయి. పిల్లలు వస్తారు, వాయిస్తారు, చీవాట్లు తింటారు, పోతారు. ఆయన తాళం మీద ఈ ఊళ్ళో ఎవరికీ సందేహం లేదు. మా సంగీత సభలో పాడడానికి వచ్చిన గాయకులు, అనుమానం కలిగినప్పుడు, ముందు వరుసలో కూర్చున్న ఆయన చెయ్యి తొడమీద ఎక్కడ పడుతున్నదో చూసి సర్దుకోవడం నేను చాలాసార్లు గమనించాను. అడిగితే వాళ్ళూ దాచలేదు.

అటువంటి ఇంట్లో పుట్టిన కౌండిన్య పాతికేళ్ళు దాటకముందే పేరున్న గాయకుల పక్కన కూర్చున్నాడు, రేడియోలో వాయించాడు. పక్కవాద్యం అంటే ఏమిటో తండ్రి అతనికి ఒక్క మాటలో నేర్పారు: గాయకుడు దారి తప్పితే నువ్వు సరైన దారిలో నిలబడి చూస్తూ ఉండకు, వెళ్ళి తీసుకురా. సభలో కూర్చున్నవారికి గాయకుడు తప్పినట్టే తెలియకూడదు. ఇది మన కచేరీ మర్యాద. కౌండిన్య దాన్ని ఎంత బాగా ఒంటపట్టించుకున్నాడో తరువాత తెలుస్తుంది.

వట్లూరులో ఒక స్కూలు అతన్ని వారానికి రెండు పూటలు మృదంగం నేర్పడానికి పెట్టుకుంది. అదే స్కూల్లో సిల్వియా పియానో నేర్పేది. సిల్వియా తల్లి ఏలూరు చర్చిలో ఆర్గన్ వాయించేది. కూతురు పియానో పరీక్షలన్నీ పాసై, చెన్నైలో ఒక పెద్ద హోటల్లో కొన్నేళ్ళు సాయంకాలాలు జాజ్ వాయించి, తల్లికి జబ్బు చేస్తే తిరిగి వచ్చింది. స్కూలు వార్షికోత్సవానికి అద్దెకు తెచ్చిన డ్రమ్స్ వాయించేవాడు రాకపోతే, కౌండిన్యను బతిమాలి కూర్చోబెట్టింది.

"కాళ్ళతో కూడా వాయించాలాండీ?" అని అడిగాడట కౌండిన్య.

"మీకు కాళ్ళున్నాయి కదండీ," అన్నదట సిల్వియా.

మూడోవాడు తాడేపల్లిగూడెం ఆనంద్ పాల్. చర్చిలో గిటార్‌తో మొదలుపెట్టి, చెన్నై, హైదరాబాదు సినిమా స్టూడియోలలో బేస్ గిటార్ వాయించి, ఆ పని కంప్యూటర్లు చేయడం మొదలుపెట్టాక ఊరికి తిరిగి వచ్చినవాడు. ఇప్పుడు అతను వాయించేది డబుల్ బేస్. మనిషికన్నా ఎత్తుగా, నిలబెట్టి వేళ్ళతో మీటే వాయిద్యం. దాన్ని నల్లటి సంచిలో పెట్టి పాసింజర్ రైల్లో తెస్తుంటే, ఇందులో ఏముందండీ అని ఎవరో ఒకరు అడక్క మానరు. "మా బావగారండి. టికెట్టు తీశాను," అంటాడు ఆనంద్ పాల్, నవ్వకుండా.

ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ మధ్యలో ఉందని భీమడోలులో ఒక ఖాళీ ధాన్యం గోడౌను సాధనకు కుదుర్చుకున్నారు. పక్కనే రైలు పట్టాలు. గూడ్సు బండి పోతున్నంతసేపూ ఒకరి వాయిద్యం ఒకరికి వినపడదు. అయినా ఆపకుండా వాయించి, బండి పోయాక ముగ్గురూ ఒకేచోట ఉన్నారా లేదా అని చూసుకోవడం వాళ్ళ అలవాటు. కౌండిన్యను ఆనంద్ పాల్ పంతులూ అని, ఆనంద్ పాల్‌ను కౌండిన్య పాస్టరుగారూ అని పిలుచుకునేవారు. పదేళ్ళలో వాళ్ళు ముంబై, ఢిల్లీ, కొచ్చి వేదికలు ఎక్కారు. రెండు ఆల్బములు చేశారు. విన్నవారిలో తెలిసినవారు మెచ్చుకున్నారు. ఏలూరులో ఎక్కువమందికి ఈ సంగతే తెలియదు. పొరపాటు జరిగాకే మనవాళ్ళు వాళ్ళ గురించి మాట్లాడడం మొదలుపెట్టారు.

అసలు వాళ్ళు చేసేది ఏమిటో కొంత చెప్పాలి. ముగ్గురూ కలిసి మొదట ఒక పాట వాయిస్తారు. ఆ పాట ఎన్ని ఆవర్తాలో, అంటే తాళం ఎన్ని చుట్లో, అన్ని ఆవర్తాల లెక్క తిరుగుతూనే ఉంటుంది. దాని మీద ఒక్కొక్కరు తమ మనోధర్మం వినిపిస్తారు. చివర మళ్ళీ అందరూ పాటకు వస్తారు. స్వరకల్పనా, తని ఆవర్తనమూ తెలిసినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. జాజ్‌లో డ్రమ్స్ వాయించేవారు తమ వంతును సాధారణంగా లెక్క పూర్తి చేసి వదిలేస్తారు. కౌండిన్య మాత్రం మన పద్ధతిలో ముక్తాయింపు, అంటే ముగింపు జతి, కట్టి, మూడుసార్లు వాయించి, మూడోది సరిగ్గా పాట ఎత్తుగడ మీద దించేవాడు. అక్కడ సిల్వియా పాట అందుకునేది. ఈ బృందానికి పేరు తెచ్చినది ఇదే.

బెంగళూరులో చివరగా వాయించిన పాట సిల్వియా కట్టినదే. పేరు గూడబాతు. కొల్లేరులో ఆటపాక దగ్గర పక్షులను చూడడానికి వెళ్ళినప్పుడు తట్టిందట. ఈ పాట ఎనిమిది దెబ్బల ఆవర్తంలో సమం మీద, అంటే మొదటి దెబ్బ మీద, మొదలవదు. సమానికి మూడు దెబ్బల ముందే మొదలై, నాలుగో స్వరానికి సమం మీదికి వస్తుంది. కాబట్టి కౌండిన్య మూడో ముక్తాయింపు కూడా సమం మీద కాక, దానికి మూడు దెబ్బల ముందు దిగాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిక.

ఆ కచేరీకి కామేశంగారు వెళ్ళారు. అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు. ఏవగింపు వల్ల కాదు. "తెలియనిదాన్ని మెచ్చుకోలేను, తిట్టలేను, ఊరికే కూర్చోలేను," అనేవారు. డెబ్బై దాటాక కొడుకు గట్టిగా అడిగితే కాదనలేకపోయారు. ముందు వరుసలో కూర్చుని, ఎప్పటిలాగే తొడమీద తాళం వేస్తూ విన్నారు.

కౌండిన్య ఆ రోజు అంతకుముందెన్నడూ వాయించనంత దూరం వెళ్ళి వాయించాడని ముగ్గురూ ఒప్పుకుంటున్నారు. బేస్, పియానో ఆగి అతనికి వదిలేశాయి. ముక్తాయింపు మూడుసార్లు వచ్చింది. మూడోది దిగింది. సిల్వియా పాట అందుకుంది. అదే క్షణంలో ఆనంద్ పాల్ బేస్ మీద సమం వేశాడు. పాట మొదటి స్వరం మీద సమం ఉండకూడదు, కానీ పడింది. వెంటనే కౌండిన్య డ్రమ్స్ ఆనంద్ పాల్ వైపు మళ్ళాయి. ఇద్దరు ఒక వైపు ఉండేసరికి తనే తప్పు ఎత్తుకున్నానని సిల్వియా ఆగిపోయింది. ఆ తరువాత జరిగినదే వీడియోలో ఉన్నది.

వేదిక వెనక ఆనంద్ పాల్ అన్నాడు. "మూడు దెబ్బలు ఆలస్యంగా దించావు పంతులూ. మీ నాన్నగారి చెయ్యి కూడా నాతోనే ఉంది. కావాలంటే అడుగు."

తిరుగు రైల్లో కౌండిన్య తండ్రిని అడిగాడు. "నాన్నగారూ, నా ముక్తాయింపు ఎక్కడ దిగింది?"

"సమం మీద. సరిగ్గా సమం మీద," అన్నారు కామేశంగారు.

సమానికి మూడు దెబ్బల ముందు దిగవలసినది సమం మీద దిగితే, మూడు దెబ్బలు ఆలస్యమే. తోటివాడు ఎంత తేడా చెప్పాడో తండ్రీ అంతే చెప్పారు. ఇద్దరు సాక్షులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒకే సంఖ్య చెబితే ఏ విచారణలోనైనా దానికి విలువ ఉంటుంది. కౌండిన్య ఇంకేమీ అడగలేదు. ఏలూరు స్టేషనులో దిగేవరకు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి డ్రమ్స్‌కు గుడ్డ కప్పాడు. అంతటితో ఆగలేదు. ఒప్పుకున్న మృదంగం కచేరీలు కూడా రద్దు చేసుకున్నాడు. "లయ పోయినవాడు ఒకరి పక్కన కూర్చుని వాళ్ళను కూడా ముంచకూడదు," అని భార్య మృదులతో అన్నాడు. బుద్ధి తెలిసిన నాటి నుంచి మృదంగమే అతని పని. మృదుల కలెక్టరేట్‌లో ఉద్యోగి. ఇంటికి ఇబ్బంది లేదు, మనిషికే ఇబ్బంది. ఎండాకాలం పోయింది, వానలూ పోయాయి, అతను మళ్ళీ వాయిద్యం ముట్టలేదు.

మూడో ఆల్బం రికార్డింగుకు చెన్నైలో స్టూడియో తేదీలు దగ్గరపడ్డాక సిల్వియా ఒక ఆదివారం పొద్దున కామేశంగారింటికి వచ్చింది. నన్ను కూడా ఆయన రమ్మన్నారు. "నాకు కోపం వస్తే ఆపడానికి ఎవరైనా ఉండాలండీ," అన్నారు.

కౌండిన్య లోపలి గదిలో ఉన్నాడు. తలుపు తీసే ఉంది, మనిషి బయటికి రాలేదు. మృదుల కాఫీలు తెచ్చింది.

"మాస్టారూ, రేపటికల్లా నేను చెన్నైకి చెప్పాలండి," అన్నది సిల్వియా. "కౌండిన్యగారు రానంటే అక్కడే ఒకాయన్ని చూసుకోవాలి. నాకు మనసొప్పడం లేదు. వాళ్ళు ఆగలేమంటున్నారు."

"వాణ్ణి అడుగమ్మా. నాతో మాట్లాడ్డమే మానేశాడు."

"లెక్కంటేనే భయపడుతున్నారండీ ఈయన," అన్నది మృదుల. "మొన్న కుక్కర్ విజిల్స్ కూడా నన్నే లెక్కపెట్టమన్నారు."

సిల్వియా నవ్వబోయి ఆపుకుంది. కామేశంగారు నవ్వలేదు.

"అసలు మీరిద్దరూ వాణ్ణేమన్నారమ్మా? నేను ముందు వరుసలో ఉన్నాను. నాకు కళ్ళు తగ్గాయి గాని చెవులు తగ్గలేదు. వాడు దించిన చోటుకు వంక పెట్టగలవారెవరో రమ్మను. సమం మీద దించాడు. పిసరు అటూ ఇటూ లేదు. రైల్లో వాడికి అదే చెప్పాను."

సిల్వియా గ్లాసు కింద పెట్టింది. మెల్లగా అంది. "మా బాధ అదే కదండీ మాస్టారూ. అది సమం మీద దిగకూడదు."

"దిగకూడదా?"

"దిగకూడదండి."

"పాట ఎత్తుగడ మీద కదమ్మా దించాలి? మీ దగ్గర ఆ పద్ధతి కూడా మార్చేశారా?"

"ఎత్తుగడ మీదేనండి."

"మరి? పాట సమం మీదే ఎత్తుకుంటుంటే, సమం మీద దించకుండా ఇంకెక్కడ దించుతాడు?"

నేను సిల్వియా ముఖం చూశాను. ఆమెకు ఏదో తగిలినట్టుంది. "మాస్టారూ, ఆ పాట ఒక్కసారి పాడతారా, తాళం వేసి?"

"నన్ను పరీక్ష పెడతావా?" అంటూనే కామేశంగారు గొంతు సవరించుకున్నారు. పాట బాగానే పాడారు, స్వరం తప్పలేదు. మొదటి స్వరంతోపాటు అరచెయ్యి తొడమీద పడింది.

"మళ్ళీ పాడండి."

మళ్ళీ పాడారు. మళ్ళీ అక్కడే పడింది.

"ఈ పాట మీరెక్కడ నేర్చుకున్నారండీ?"

"నేర్చుకోవడమేమిటి? వీడు స్నానానికి వెడుతూ ఒకసారి, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఒకసారి కూనిరాగం తీస్తూనే ఉంటాడు. విని విని వచ్చేసింది."

"తాళం?"

"తాళం వీడెక్కడ వేశాడు, చేతిలో ఇస్త్రీపెట్టె ఉంటే? తాళం నేనే వేసుకున్నాను."

భజనలకు వాడే హార్మోనియం ఒకటి ఆ గదిలో ఉంది. సిల్వియా దాన్ని దగ్గరికి లాక్కుంది. పాట గొంతుతో పాడుతూ, దాని కింద ఒకేసారి మోగే స్వరాల గుంపులను మాత్రం హార్మోనియం మీద పలికించింది. మొదటి మూడు స్వరాలకు హార్మోనియం మోగలేదు. నాలుగోదానికి మోగింది.

"మీరు మీ తాళం వేస్తూ ఉండండి మాస్టారూ. నా వేళ్ళు చూడకండి, వినండి. ఆటపాకలో గూడబాతు లేవడం చూశారా? ఒక్కసారిగా లేవదండి, బరువు. కాళ్ళతో నీళ్ళను తన్నుకుంటూ పరుగెత్తి అప్పుడు లేస్తుంది. ఈ మూడు స్వరాలూ ఆ తన్నడం. లేచేది ఇక్కడ. సమం ఇదండి."

కామేశంగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆమె మరొకసారి వాయించింది. ఆయన ఈసారి తాళం వెయ్యకుండా విన్నారు. తరువాత చాలా జాగ్రత్తగా, నీళ్ళలో చెయ్యి పెట్టేవాడిలా, నాలుగో స్వరం మీద అరచెయ్యి దించారు.

"అంటే ఆ రోజు నేను..."

"మూడు దెబ్బలు ముందున్నారండి. పాట మొదటినుంచి చివరిదాకా."

"మరి నాకెక్కడా తగల్లేదే?"

"ఎలా తగులుతుందండి? ఆనందు బేస్ ప్రతి దెబ్బకీ ఒక స్వరం వేస్తూ నడుస్తుంది. ఏ దెబ్బా గట్టిగా కొట్టడు. సమం ఎక్కడుందో స్వరాల గుంపు మారడాన్నిబట్టి మేం తెలుసుకుంటాం. మీరు పాట ఒక్కటే వింటారు కదా."

ఇది న్యాయమైన మాట. ఒకే గొంతు వెంట నడిచే సంగీతంలో జీవితమంతా గడిపిన మనిషికి, కింద మారుతున్న స్వరాల గుంపు గుర్తుగా పనిచెయ్యదు. ఆయన చెయ్యి తడబడలేదు. మొదలుపెట్టిన చోటు వేరు.

అప్పుడు లోపలి గదిలోంచి కౌండిన్య వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. "నాన్నగారూ, రైల్లో మీరు సమం మీద అన్నది..."

"మెచ్చుకున్నానురా," అన్నారు కామేశంగారు. "నిన్ను ఏనాడు మెచ్చుకున్నాను గనక నీకు గుర్తుపట్టడం వస్తుంది?"

కౌండిన్య వచ్చి చాప మీద కూర్చున్నాడు. మృదుల అతని వెనకాల గోడకు ఆనుకుని నిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

తండ్రిగారి సమం అసలు సమానికి మూడు దెబ్బల ముందుంటే, ఆ సమం మీద దిగిన ముక్తాయింపు సరిగ్గా దిగవలసిన చోటే దిగింది. ఒక సాక్షి ఇప్పుడు కౌండిన్య వైపుకు వచ్చారు. కానీ రెండో సాక్షి మిగిలే ఉన్నాడు. ఆనంద్ పాల్‌కు ఆ పాట తెలుసు, సమం ఎక్కడో తెలుసు, లెక్కపెట్టుకునే అలవాటుంది. అతను కూడా మూడు దెబ్బలే ఎందుకు చెప్పాడు? ఇది తేలకుండా నిర్ణయానికి రావడం సబబు కాదని నేనన్నాను. నువ్వు లెక్కపెట్టుకోలేదా అని సిల్వియాను అడిగితే, లేదంది. కౌండిన్య వాయిస్తుంటే తను లెక్కపెట్టదు, మూడో ముక్తాయింపు కోసం వేచి ఉంటుంది, అది దిగగానే ఎత్తుకుంటుంది. అంటే ఆమె సాక్ష్యం ఎవరికీ పనికిరాదు. ఆ మాట ఆమే ముందు ఒప్పుకుంది.

ఆనంద్ పాల్‌కు ఫోన్ చేస్తే మధ్యాహ్నం పాసింజర్‌లో వచ్చాడు. చర్చికి వేసుకున్న తెల్లచొక్కాతోనే ఉన్నాడు. కౌండిన్యను చూసి చెప్పులు విడవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

సిల్వియా సూటిగా అడిగింది. "ఆనందూ, ఆ రోజు సమం ఎలా వేశావు? నీ లెక్క ముందా, మాస్టారి చెయ్యి ముందా?"

"రెండూ కలిశాయక్కా."

"కలవడానికి వీల్లేదు. మాస్టారి చెయ్యి మూడు దెబ్బలు ముందుంది. ఇప్పుడే చూశాం. నీ లెక్క దాంతో కలిస్తే నీ లెక్క కూడా తప్పు. నిజం చెప్పు."

అతను కామేశంగారి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "పంతులు ఆ రోజు మనిషిలా వాయించలేదక్కా. మధ్యలో నా లెక్క పోయింది. ఎక్కడున్నానో తెలియలేదు. తలెత్తితే ఎదురుగా మాస్టారి చెయ్యి కనిపించింది. ఈ రెండు గోదావరి జిల్లాల్లో అంతకన్నా నమ్మకమైన చెయ్యి ఎక్కడుందండీ? దాన్ని పట్టుకుని వచ్చేశాను. అది తప్పై ఉంటుందని కల్లో కూడా అనుకోలేదు. అందుకే ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది అనుకున్నాను."

ఇద్దరు సాక్షులు అక్కడితో ఒక్కరయ్యారు. రెండో ఆయన మొదటి ఆయన్ని చూసి రాసుకున్నాడు.

"పాస్టరుగారూ," అన్నాడు కౌండిన్య. ఆ పిలుపు ఆ ఇంట్లో విని చాలాకాలమైంది. "నేను మీ వైపు ఎందుకు వచ్చేశానో తెలుసా? మీ సమం వినగానే నా చేతులు అటు వెళ్ళిపోయాయి. ఆలోచించలేదు. గాయకుడు తప్పితే వెళ్ళి తీసుకురమ్మని ఈయన నేర్పారు."

"నేను గాయకుణ్ణి కాదుగదయ్యా, నీ పక్కవాద్యాన్ని. నన్ను వదిలేసి అక్కను పట్టుకోవలసింది."

"అది ఈయన నేర్పలేదు."

"బాగుంది. తప్పు తిరిగి తిరిగి నా తొడమీదికే వచ్చింది," అన్నారు కామేశంగారు. "ఇకమీదట మీ కచేరీకి వస్తే చేతులు కట్టుకుని కూర్చుంటాను."

"వద్దండి మాస్టారూ, మీరు శుభ్రంగా తాళం వెయ్యండి," అన్నది సిల్వియా. "ఆనందుని కళ్ళు మూసుకోమందాం."

ఆ నవ్వులో అందరికన్నా ఆలస్యంగా నవ్వినవాడు కౌండిన్య. కాని ఆగనివాడు కూడా అతనే. మృదుల భయపడి మంచినీళ్ళు తెచ్చింది. నీళ్ళు తాగి, సోమవారం చెన్నైకి ఏమని చెప్పాలో సిల్వియాకు అతనే చెప్పాడు. నేను సెలవు తీసుకుని వస్తుంటే డ్రమ్స్ మీద కప్పిన గుడ్డ తీసి పెరట్లో దులుపుతున్నాడు. దుమ్ము చాలా ఉంది.

మంగళవారం భీమడోలు గోడౌనులో ఆ పాట మొదటినుంచి వాయించారు. నేనూ కామేశంగారూ ఖాళీ గోనెసంచుల మీద కూర్చున్నాం. కౌండిన్య వేళ్ళు మొదట బిగిసి ఉన్నాయి, అది కాదనను. రెండో వంతుకు వదులయ్యాయి. మధ్యలో గూడ్సు బండి వచ్చింది. ఎవరూ ఆగలేదు. బండి పోయేసరికి ముగ్గురూ ఒక్కచోటే ఉన్నారు. తరువాత మూడో ముక్తాయింపు దిగింది, సిల్వియా ఎత్తుకుంది, ఆనంద్ పాల్ మూడు దెబ్బలు ఆగి సమం వేశాడు. కామేశంగారు పక్కన గట్టిగా ఊపిరి వదిలారు. ఆ నెలలోనే చెన్నైలో రికార్డింగు పూర్తయింది. రేడియోవారికీ, ఇద్దరు గాయకులకూ తను వస్తానని కౌండిన్య కబురు చేశాడు.

ఇక నా నిర్ణయం. బెంగళూరులో కౌండిన్య తాళం తప్పలేదు, అతని ముక్తాయింపు దిగవలసిన చోటే దిగింది. మద్యం లేదు, జబ్బు లేదు, అతన్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు. దారి తప్పిన తోటివాడి కోసం తన సరైన చోటు వదిలి వెళ్ళాడు, అది నేర్చుకున్న మర్యాదే అయినా అక్కడ పనికిరానిది. తన చేతులకు తెలిసినదాన్ని పక్కన పెట్టి, మీ సమం ఏ స్వరం మీద ఉంది అని తండ్రిని అడగకుండా, ఏడాదిలో చాలా భాగం ఊరికే కూర్చున్నాడు. అందులో తప్పు పూర్తిగా అతనిదే. మిగిలిన ఏ విషయంలోనూ అతని తప్పు లేదు.